సొంత పాటకు ఏది తోడు: గిటారా, హార్మోనియమా, తంబూరానా?

పాట తనే రాసి, బాణీ తనే కట్టి, ఒక్కడే నిలబడి పాడాలంటే చేతిలో ఒక వాయిద్యం ఉండాలి. గోదావరి జిల్లాల్లో జానపదం పాడేవాళ్లకు తేలిగ్గా దొరికేవి మూడు: అకూస్టిక్ గిటారు, హార్మోనియం, బుర్రకథ తంబూరా. డప్పు ఎందుకు లెక్కలోకి రాలేదంటే, కుడిచేతిలో సిర్ర, ఎడంచేతిలో సిటికెన పుల్ల ఆడిస్తూ నాలుగు చరణాలు పాడేసరికి ఊపిరి చాలదు. డప్పు పక్కవాడి చేతిలో ఉంటేనే పాటకు అందం.

ఈ మూడింటినీ తూచాల్సింది ఒక్క లెక్కతో: మాట వినపడుతోందా లేదా. సొంత పాట ఎవరికీ ముందుగా తెలిసింది కాదు. మాట జారితే దాన్ని వినేవాడు పూరించుకోలేడు.

గిటారుతో మొదటి చిక్కు ఇక్కడే. ఆన్‌లైన్ పాఠాల్లో మొదట నేర్పేది నాలుగు దెబ్బల స్ట్రమ్మింగు (తీగలన్నీ కలిపి మీటడం), ఆ తర్వాత మూడు దెబ్బలది. మన పల్లె బాణీల్లో మిశ్రగతివి బోలెడు. అంటే మూడూ నాలుగూ కలిపి ఏడు మాత్రలు. ‘నిండు కాలువ గట్టు కోసెను’ అనే పాదం తీసుకోండి. నిండు మూడు, కాలువ నాలుగు, గట్టు మూడు, కోసెను నాలుగు. దీన్ని నాలుగు దెబ్బల్లో పెడితే ఒక మాత్ర తగ్గి ‘నిండూ’ అని సాగదీయాల్సొస్తుంది. మూడు దెబ్బల్లో ఇరికిస్తే ఒక మాత్ర ఎక్కువై ‘నిండు కలువ’ అవుతుంది. కాలువ గట్టు తెగిన పాట కాస్తా కలువపువ్వు పాట అయిపోతుంది. డెల్టాలో కాలువ ఉన్నచోట కలువా ఉంటుంది కాబట్టి వినేవాడికి అనుమానం కూడా రాదు.

విరుగుడు కుడిచేతిలోనే ఉంది. నోటితో ‘తకిట తకదిమి’ అనుకుంటూ, మొదటి మాత్రకు కింద, రెండోదానికి చెయ్యి ఊపినా తీగ తగలకుండా, మూడోదానికి పైన. తర్వాతి నాలుగుకు కింద, పైన, కింద, పైన. తాళం కొట్టే మెట్రోనోమ్ నిమిషానికి 120 మాత్రలకు పెట్టి మొదలుపెట్టాలి. ఎడంచేత్తో ఏమీ పట్టకుండా ఇది నిద్రలో కూడా వచ్చేదాకా మాటలు కలపకూడదు.

రెండో చిక్కు కార్డులది, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించే పట్టులది. ఐదారు స్వరాల్లో తిరిగే బాణీ కింద మేజరో మైనరో పట్టగానే, అందులోని గాంధారం పాటను తనవైపు లాగేస్తుంది. గొంతులో ఉన్న వంపు కాస్తా చదునైపోతుంది. అంచేత గిటారును తంబూరాలా శ్రుతి చేసుకోవడం మంచిది. లావు తీగ నుంచి సన్న తీగకు డి, ఏ, డి, జి, ఏ, డి. 1960లలో ఇంగ్లండు జానపద గిటారిస్టు డేవీ గ్రాహం వాడుకలోకి తెచ్చిన పద్ధతి ఇది. మామూలు శ్రుతి నుంచి ఆరో తీగ, రెండో తీగ, ఒకటో తీగ ఒక్కో స్వరం దించితే చాలు (లెక్కలో సన్న తీగే ఒకటోది, లావుది ఆరోది). అన్నీ దించేవే కాబట్టి తీగ తెగదు. డి ని షడ్జమం అనుకుంటే స, ప, స, మ, ప, స వస్తాయి. మూడో తీగను రెండో ఫ్రెట్ (గిటారు మెడ మీది లోహపు మెట్టు) దగ్గర ఒక్క వేలితో నొక్కితే ఆ మధ్యమం కూడా పంచమమైపోతుంది. ఇక గాంధారం గొడవ లేదు, అది గొంతు ఇష్టం. చిన్నప్పుడు పోలియోతో ఎడంచెయ్యి బలహీనపడిన కెనడా గాయని జోనీ మిచెల్ కూడా వేళ్లకు అనువైన సొంత శ్రుతులతోనే పాటలు కట్టుకుంది.

ఇలా చేసిన గిటారుకు షడ్జమం డి, అంటే హార్మోనియం లెక్కలో రెండు శ్రుతి. ఆడగొంతు నాలుగున్నర అయితే నాలుగో ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే బిగింపు), ఐదు అయితే ఐదో ఫ్రెట్ మీద. మగగొంతు ఒకటిన్నర అయితే ఆరు తీగలూ అర స్వరం దించాలి. ఇలా దించేవాళ్లు సన్న తీగ 0.012 అంగుళాల మందం ఉండే సెట్టు వేసుకోవాలి. 0.010 సెట్టు వేస్తే లావు తీగ వదులై ఫ్రెట్లకు కొట్టుకుని జీరపోతుంది.

హార్మోనియం బాణీ కట్టడానికి బ్రహ్మాండం. స్వరం ఎక్కడుందో కళ్లకు కనిపిస్తుంది, పద్య నాటకాల పుణ్యమా అని వాయించేవాళ్లూ నేర్పేవాళ్లూ ఉన్నారు. పాడటానికి మాత్రం అంత మేలు కాదు. మెట్టుకూ మెట్టుకూ మధ్య జారడం దానికి చేతకాదు, నాలుగు నెలలు దాంతోనే సాధన చేస్తే గొంతూ జారడం మానేస్తుంది. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని దూరం పెట్టడానికి ఒక కారణం ఇదే. పైగా పది కిలోల పెట్టె. సఖినేటిపల్లిలో గోదావరి దాటే పంటు ఎక్కి నరసాపురం దిగేవాడికి ఆ బరువేంటో భుజానికే తెలుస్తుంది.

తంబూరా మాటను అస్సలు కప్పదు. బొటనవేలి అందె దెబ్బకు తాళమూ అదే పలుకుతుంది. గొంతులో సత్తా ఉన్నవాడికి, కథ నడిపే పాట రాసేవాడికి దీన్ని మించింది లేదు. అయితే బాణీ వెతుక్కోవడానికి అది ఏ సాయమూ చెయ్యదు. జనం కూడా దాన్ని చూడగానే ‘తందాన తాన’ కోసం చెవులు రిక్కిస్తారు, మీ పాట ఆ ఆశను దాటి వినపడాలి.

మూడింటిలో ఒక్కటే కొనగలిగితే పైన చెప్పిన శ్రుతిలో గిటారే. ఆరునెలలకు చేతనైతే పాత హార్మోనియం ఒకటి ఇంట్లో, బాణీలకు.

ఇక తేమ. గిటారుకు 45 నుంచి 55 శాతం తేమ హితం, వర్షాకాలంలో కోనసీమలో అది కలలోమాట. చెక్క పీల్చుకుని పైపలక ఉబ్బుతుంది, తీగలు పైకి లేస్తాయి, వేళ్లు నొప్పి. 12వ ఫ్రెట్ దగ్గర ఆరో తీగ కింద సందు రెండున్నర మిల్లీమీటర్లు ఉండాలి, మూడు దాటితే చూపించుకోవాలి. చాలామంది వెంటనే మెడలోని ఇనుప కడ్డీని, ట్రస్ రాడ్‌ను తిప్పేస్తారు. అది మెడ వంపుకే పనికొస్తుంది, పలక ఉబ్బుకు కాదు. ముందు సంచిలో సిలికా జెల్ పొట్లాలు వేసి వారం చూడాలి. అందుకే ఇక్కడ మొదటి గిటారు సాలిడ్ టాప్ (పైపలక అసలు చెక్కది) వద్దు, ప్లైవుడ్‌దే మేలు. మోత కొంచెం తక్కువ, కదలిక ఇంకా తక్కువ. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి తీగలు తొందరగా తుప్పు పడతాయి, వాయించగానే పొడిగుడ్డతో తుడవడం తప్పనిసరి. హార్మోనియంకైతే ముసురులో మెట్లు ఉబ్బి నొక్కినచోటే ఉండిపోతాయి, తోలుతిత్తికి బూజు.

తీర్థంలో పాడేటప్పుడు స్పీకరు గిటారు ముందుకు తిరిగి ఉంటే మోత తిరిగొచ్చి కూత పెడుతుంది. గిటారు పొట్ట మీది గుండ్రటి రంధ్రానికి, అంటే సౌండ్ హోల్‌కు రబ్బరు మూత వేసి, మిక్సర్లో 100–200 హెర్ట్జ్ దగ్గర తగ్గించమనాలి. పికప్ (గిటారు మోతను వైరు ద్వారా స్పీకరుకు పంపేది) లేకపోతే మైకు 12వ ఫ్రెట్ ఎదురుగా జానెడు దూరంలో, సౌండ్ హోల్ ఎదురుగా కాదు, అక్కడ పెడితే బుమ్మంటుంది. పికప్ ఉంటే పాటకూ పాటకూ మధ్య పెద్ద విరామం వచ్చినప్పుడు జాక్ పీకెయ్యాలి. గుచ్చి ఉన్నంతసేపూ లోపలి 9 వోల్టుల బ్యాటరీ అయిపోతూనే ఉంటుంది, సగం పాటలో గిటారు గరగరలాడటం మొదలుపెడితే తప్పు తీగలదనుకుంటారు.