హైస్కూల్ నుంచి నేరుగా డ్రాఫ్ట్‌కా, కాలేజీ బేస్‌బాల్‌కా: ఏది మేలు?

జులైలో మేజర్ లీగ్ (అమెరికా అత్యున్నత బేస్‌బాల్ లీగ్) క్లబ్బులు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ దగ్గరపడితే చాలు, అమెరికాలో పిల్లల్ని బేస్‌బాల్ ఆడిస్తున్న మనవాళ్లు అడిగేది ఇదే. పద్దెనిమిదేళ్ల కుర్రాడిని ఓ క్లబ్ ఎంచుకుంది. సంతకం పెట్టి మైనర్ లీగ్‌కి (మేజర్ లీగ్ క్లబ్బులు కుర్రాళ్లని తయారుచేసుకునే కింది లీగ్‌లకి) పోవాలా, స్కాలర్‌షిప్ తీసుకుని కాలేజీలో చేరాలా? నాలుగేళ్ల కాలేజీలో చేరితే మూడో ఏడు పూర్తయ్యేదాకా, లేదా 21 ఏళ్లు వచ్చేదాకా మళ్లీ డ్రాఫ్ట్ ఉండదన్నది మీకు తెలిసిందే.

ముందు డబ్బు సంగతి. మొదటి రౌండ్‌లో ఎంచుకుని సంతకానికి ఆ స్థాయి బోనస్ ఇస్తామంటే, అందులోనూ కుర్రాడు బ్యాటర్ అయితే, నేను వద్దనను. మైక్ ట్రౌట్ 2009లో హైస్కూల్ నుంచే ఏంజెల్స్ క్లబ్‌కి వెళ్లి 19 ఏళ్లకే మేజర్ లీగ్‌లో దిగాడు. కింది రౌండ్ల లెక్క వేరు. 2021లో మైనర్ లీగ్ జట్లను 160 నుంచి 120కి కుదించారు. చిన్న బోనస్‌తో వచ్చినవాడు కుదురుకునేదాకా ఆగే ఓపిక క్లబ్బులకు తక్కువ.

నా లెక్కలో అసలు సంగతి డబ్బు కాదు. ఆట నేర్పే మనిషికి రేపటి మ్యాచ్ గెలవడం ఎంత అవసరం అన్నది. మైనర్ లీగ్ కోచ్‌కి ఆ టెన్షన్ తక్కువ. కొత్తగా ఛేంజప్ (బ్యాటర్‌ని మోసగించే నెమ్మది బంతి) నేర్చుకుంటున్న పిచర్ (క్రికెట్‌లో బౌలర్ లాంటివాడు) రెండు నెలలు చితక్కొట్టించుకున్నా కోచ్ ఉద్యోగం ఊడదు. కాలేజీ కోచ్‌కి ఆ వెసులుబాటు లేదు. రెగ్యులర్ సీజన్‌లో ఉండేవే 56 మ్యాచ్‌లు. శుక్రవారం, అంటే వారాంతపు సిరీస్ మొదటి మ్యాచ్‌కి, దిగే పిచర్ తనకి బాగా వచ్చిన బంతులే వెయ్యాలి. ఏ బంతి వెయ్యాలో కూడా చాలాచోట్ల డగౌట్ నుంచి కోచే చెబుతాడు. ఆ కుర్రాడు ప్రొఫెషనల్ అయ్యాక సొంతంగా ఆలోచించడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. బ్యాటర్లకైతే మెటల్ బ్యాట్ అలవాటు ఒకటి, ప్రొఫెషనల్ ఆటలో చెక్క బ్యాటే కదా.

అయినా పిచర్ల విషయంలో నా ఓటు కాలేజీకే. కారణం ఫాల్ ప్రాక్టీస్. సీజన్ ఫిబ్రవరి మధ్యలో గానీ మొదలవదు. అంతకుముందు శరదృతువులో వారాల తరబడి గెలుపోటముల గొడవ లేకుండా పని చేసుకోవచ్చు. మంచి కోచ్ ఎవరో అప్పుడే తెలుస్తుంది. పిచర్ పాల్ స్కీన్స్‌ని హైస్కూల్ నుంచి ఏ క్లబ్బూ తీసుకోలేదు. ఎయిర్ ఫోర్స్ అకాడమీలో క్యాచర్‌గానూ (పిచర్ వేసే బంతుల్ని అందుకునేవాడు) పిచర్‌గానూ ఆడాడు. 2022లో ఎల్‌ఎస్‌యూకి (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) మారాక పిచింగ్ ఒక్కటే పట్టుకున్నాడు. అక్కడి పిచింగ్ కోచ్ వెస్ జాన్సన్ అంతకుముందు మిన్నెసోటా ట్విన్స్‌లో అదే పని చేసి వచ్చినవాడు. ఆ ఒక్క ఏడాదిలో 209 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని ఔట్ చేయడం), కాలేజీ జాతీయ ఛాంపియన్‌షిప్ అయిన కాలేజ్ వరల్డ్ సిరీస్ టైటిల్, 2023 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ (అందరికన్నా ముందు ఎంపిక). వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీలోనైతే పిచర్ల కదలికల్ని కొలవడానికి ఏకంగా ల్యాబే పెట్టారు. మైనర్ లీగ్‌లో ఉన్న సదుపాయాలు కాలేజీల్లో లేవనే మాట పెద్ద ప్రోగ్రామ్‌లకి ఇక వర్తించదు.

పిచర్ కుమార్ రాకర్ సంగతీ చూడండి (పేరు చూసి మనవాళ్లు ఆరా తీసేది ఇతని గురించే, తల్లి భారతీయ మూలాలున్న ఆవిడ). 2018లో 38వ రౌండ్‌లో ఎంపికైతే కాదని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో కోచ్ టిమ్ కార్బిన్ దగ్గర చేరాడు. మరుసటి ఏడే డ్యూక్ యూనివర్సిటీ మీద 19 స్ట్రైకౌట్లతో నో-హిట్టర్ (ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్). 2021లో మెట్స్ క్లబ్ పదో పిక్‌గా తీసుకుని, వైద్య పరీక్షల తర్వాత ఒప్పందం కుదుర్చుకోలేదు. 2022లో రేంజర్స్ మూడో పిక్‌గా తీసుకున్నారు. అంటే కాలేజీ అతని విలువ పెంచింది గానీ, చెయ్యి గాయపడదన్న గ్యారంటీ ఇవ్వలేకపోయింది. పిచర్ చేతికి ఆ గ్యారంటీ ఎక్కడా దొరకదనుకోండి.

రెండేళ్ల జూనియర్ కాలేజీ మూడో దారి. అక్కడ ఏటా డ్రాఫ్ట్‌కి అవకాశం ఉంటుంది. బ్యాటర్ బ్రైస్ హార్పర్ 2010లో అలాగే డ్రాఫ్ట్‌కి వెళ్లాడు. అంత తొందర, అంత ప్రతిభ ఉన్నవాళ్లకి సరే.

కాలేజీ అనుకుంటే హెడ్ కోచ్ పేరు చూసి మురిసిపోకండి. ఫోన్ చేసి, పిచింగ్ కోచ్ ఎవరు, పోయిన ఫాల్‌లో ఏ కుర్రాడికి ఏం మార్చాడు, అతను వెళ్లిపోతే పరిస్థితి ఏంటి, ఇవి అడగండి. వెస్ జాన్సన్ 2023 టైటిల్ అవ్వగానే జార్జియాకి హెడ్ కోచ్‌గా వెళ్లిపోయాడు. రోస్టర్ (జట్టులో ఉంచుకునే ఆటగాళ్ల జాబితా) 34 మందికి కుదించిన తర్వాత, ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో (వేరే కాలేజీల నుంచి మారే దారిలో) వచ్చిన సీనియర్ల పక్కన మొదటి ఏడాది కుర్రాడికి ఎన్ని ఇన్నింగ్స్ దొరుకుతాయో కూడా ఆ ఫోన్‌లోనే కనుక్కోండి.