జంప్ నేర్చుకునేవారికి ఎక్స్‌పల్స్ 200 4వీ ప్రో ఎంతవరకు పనికొస్తుంది?

మట్టి దిబ్బ మీద నుంచి బండిని గాల్లోకి లేపి క్షేమంగా దించడం నేర్చుకోవాలనుకునేవారికి మన దగ్గర బండి ఎంపికే మొదటి చిక్కు. కవాసాకి కేఎక్స్ 250 లాంటి అసలైన మోటోక్రాస్ (మట్టి ట్రాక్ మీద దిబ్బలు దూకే పందెం) బండ్లకు రోడ్డు మీద నడిపే అనుమతి లేదు. వాటిని ట్రాక్ దాకా మరో వాహనంలో వేసుకుని పోవాలి, ధర కూడా మధ్యతరగతి చేతికి అందేది కాదు. అందుకే చాలామంది చూపు చివరకు హీరో ఎక్స్‌పల్స్ మీద నిలుస్తుంది. ఆ బండి మైలేజీ, లడఖ్ యాత్రల సంగతులు ఇతర సమీక్షల్లో కావలసినంత దొరుకుతాయి కనుక, ఇక్కడ జంప్‌ల వరకే చూద్దాం.

2019లో వచ్చిన ఎక్స్‌పల్స్ 200కు 2021లో నాలుగు వాల్వుల (4వీ) ఇంజన్ అమర్చారు. 199.6 సీసీ ఇంజన్, దాదాపు 19 పీఎస్ శక్తి, అయిదు గేర్లు. మామూలు రకంలో ముందు షాకబ్జర్ 190 మిల్లీమీటర్లు, వెనకది 170 మిల్లీమీటర్ల మేర కదులుతాయి. 2023లో వచ్చిన ప్రో రకంలో అవి 250, 220 మిల్లీమీటర్లకు పెరిగాయి, వాటిని మనిషి బరువుకు తగ్గట్టు సర్దుకునే వీలూ వచ్చింది. జంప్ నేర్చుకోవడమే ఉద్దేశమైతే మామూలు రకం కొని తరవాత మార్పులు చేయించుకోవడం కన్నా మొదటే ప్రో తీసుకోవడం మేలని నా అభిప్రాయం. సీటు ఎత్తు సుమారు 890 మిల్లీమీటర్లు కావడం వల్ల సగటు ఎత్తు మనిషికి సిగ్నళ్ల దగ్గర మునివేళ్లే ఆనతాయన్నది నిజమే. కానీ జంప్‌కు వెళ్లేటప్పుడు కూర్చునే పనే ఉండదు కదా!

దిబ్బ ఎక్కే దశలో ఈ బండి మంచి గురువు. కొత్తవారిని ఎక్కువగా పడగొట్టేది భయంతో చివరి క్షణంలో యాక్సిలరేటర్ వదిలేయడం. అంచు దగ్గర అలా వదిలితే ముందు భాగం బరువెక్కి, బండి ముక్కు కిందికి పెట్టి దూకుతుంది. దీనికి విరుగుడు ఒకటే: దిబ్బకు చాలా ముందే గేరు, వేగం నిర్ణయించుకుని, ఎక్కే వాలు పొడవునా యాక్సిలరేటర్‌ను ఒకే తీరులో పట్టి ఉంచడం. పెద్ద మోటోక్రాస్ ఇంజన్ల మీద మణికట్టు కాస్త అదిరినా బండి ఎగిరిపడుతుంది. ఎక్స్‌పల్స్ ఇంజన్ నెమ్మదిగా, సాఫీగా లాగుతుంది కాబట్టి రెండో గేరులో చిన్న దిబ్బ ఎక్కుతుంటే చేతి తడబాటును అంత కఠినంగా శిక్షించదు. అయితే ఆ నెమ్మదితనానికి మరో ముఖం కూడా ఉంది. దిబ్బకు ముందు పరుగు చాలకపోతే చివర్లో గట్టిగా తిప్పినా ఊపు రాదు, తక్కువ పడిన వేగాన్ని ఈ ఇంజన్ సర్దిపెట్టలేదు.

గాల్లో ఉన్నప్పుడు బండి వాలును సరిదిద్దే ఉపాయాలు రెండు. వెనక బ్రేకును తాకితే తిరుగుతున్న చక్రం ఆగి, ఆ తిరుగుడు బండికి బదిలీ అయి ముందు భాగం కిందికి వంగుతుంది. యాక్సిలరేటర్ తిప్పితే చక్రం వేగం పెరిగి ముక్కు పైకి లేస్తుంది. ఎక్స్‌పల్స్‌లో ఏబీఎస్ (బ్రేకు గట్టిగా నొక్కినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ముందు చక్రానికే ఉండటం ఇక్కడ కలిసొచ్చే విషయం, ఎందుకంటే వెనక చక్రాన్ని కావాలనుకున్నప్పుడు పూర్తిగా ఆపవచ్చు. అప్పుడు క్లచ్ పట్టి ఉంచాలని మరవకూడదు, లేకపోతే ఇంజన్ ఆగిపోయి నేల తాకేసరికి వెనక చక్రం బిగుసుకుని ఉంటుంది. ముక్కు లేపే రెండో ఉపాయం మాత్రం ఇంత బరువైన, ఇంత తక్కువ శక్తి ఉన్న బండి మీద అంతంత మాత్రంగానే పనిచేస్తుంది. కాబట్టి గాల్లో సరిదిద్దుకోవచ్చులే అన్న ధీమాతో దిబ్బ ఎక్కడం ఈ బండితో కుదరదు.

అసలు పరీక్ష దిగేటప్పుడు ఎదురవుతుంది. ప్రో బరువు దాదాపు 160 కిలోలు. కేఎక్స్ 250 బరువు సుమారు 108 కిలోలు, పైగా దాని షాకబ్జర్ల కదలిక 300 మిల్లీమీటర్లకు పైమాటే. అంటే ఎక్స్‌పల్స్ యాభై కిలోలు ఎక్కువ మోస్తూ, తక్కువ కదలికతో ఆ దెబ్బను మింగాలి. దిగే వాలు మీద బండి వాలు కూడా కలిసేలా దిగితే మోకాలి ఎత్తు గాల్లోకి లేచినా షాకబ్జర్లు హాయిగా ఓర్చుకుంటాయి. అదే ఎత్తు నుంచి చదును నేల మీద పడితే ఫోర్కులు (ముందు షాకబ్జర్లు) అడుగంటి, లోహం లోహాన్ని తాకిన చప్పుడు హ్యాండిల్ గుండా అరచేతులకు తెలుస్తుంది. అందుకే నేర్చుకునేవారు పైభాగం చదునుగా ఉన్న టేబుల్‌టాప్ దిబ్బలకే పరిమితం కావాలి. వేగం చాలకపోయినా బండి పైనున్న చదునులోనే దిగుతుంది, రెండు దిబ్బల నడుమ గోతిలో పడదు. మొదట కొన్నిసార్లు ఎగరకుండా దిబ్బ మీదుగా దొర్లించుకుంటూ పోయి దాని ఆకారం తెలుసుకోవడం అవసరం. వెనక షాకబ్జర్ తిరిగి లేచే వేగాన్ని కూడా ముందే కాస్త తగ్గించి పెట్టుకోవాలి, లేకపోతే అంచు దాటగానే వెనక భాగం పోట్లగిత్తలా తంతుంది.

హీరో జట్టు తరఫున ఎడారుల్లో సాగే 2024 డాకర్ ర్యాలీ పందెంలో రాస్ బ్రాంచ్ రెండో స్థానంలో నిలిచిన సంగతిని చూపి, ఈ బండితో ఏదైనా చేయవచ్చని వాదించేవారు కనిపిస్తారు. ఆయన నడిపింది పోటీల కోసమే తయారైన 450 సీసీ యంత్రం. షోరూములో అమ్మే బండితో దానికి పోలిక పేరులోనే తప్ప పనితనంలో లేదు.

నిలబడి నడపడానికి ఈ బండి తీరు బాగానే కుదిరింది. మోకాళ్లతో ట్యాంకును పట్టుకోవడానికి నడుము భాగం సన్నగా ఉంది, ఫుట్‌పెగ్గుల మీది రబ్బరు తీసేస్తే బూటు జారదు. పొడగరులకు హ్యాండిల్ ఇంకాస్త ఎత్తు పెంచుకోవలసి రావచ్చు. ముందు 21, వెనక 18 అంగుళాల చక్రాలు కావడంతో ఎండ్యూరో (కరుకు దారుల్లో సాగే దూరపు పందెం) బండ్లకు వాడే గట్టి గుబ్బల టైర్లు సరిపోతాయి. మొరం నేల మీద వాటి పట్టు మామూలు టైర్లకు రాదు, తడిసిన నల్లరేగడిలో మాత్రం ఏ టైరయినా మట్టి ముద్దగా మారుతుంది. ఇవి ట్యూబు టైర్లు కాబట్టి పట్టు కోసం గాలి మరీ తగ్గిస్తే దిగే దెబ్బకు రిమ్ము, నేల మధ్య ట్యూబు నలిగి చిల్లు పడుతుంది.

సెకండ్ హ్యాండ్ ప్రో కొనాలనుకునేవారు బండిని స్టాండు మీద ఎత్తి, చక్రం తిప్పుతూ ఒక్కో స్పోకును వేలితో మీటి చూడాలి. జంప్‌లు చేసిన బండికి ఒకటి రెండు స్పోకులు వదులై డొల్లగా మోగుతాయి. ఫోర్కు గొట్టాల మీద నూనె చెమ్మ, రిమ్ము అంచున సొట్ట, ఇంజన్ కింది పళ్లెం మీద లోతైన గీతలు కనిపిస్తే అమ్మే వ్యక్తి ఏం చెప్పినా ఆ బండి గట్టి దెబ్బలే తిన్నదని అర్థం. చైను మరీ బిగువుగా ఉన్నా అనుమానించాలి. వెనక షాకబ్జర్ అణిగేటప్పుడు అలాంటి చైను గేర్‌బాక్సు ముందరి స్ప్రాకెట్ బేరింగును లాగి పాడుచేసి ఉండవచ్చు, ఆ మరమ్మతుకు ఇంజన్ విప్పవలసి వస్తుంది.