యమహా బైకుల్లో ఆర్15 వీ4 కొనాలా, ఆర్15 ఎస్ కొనాలా?

రెండింటిదీ 155 సీసీ లిక్విడ్ కూల్డ్ ఇంజనే, 6 గేర్లే. పవర్ కూడా అటూఇటూగా ఒకటే: వీ4 18.4 పీఎస్, ఎస్ 18.6. ఆ తేడా రోడ్డు మీద తెలియదు. కాబట్టి ఇంజన్ మాట వదిలేసి సీటు, ముందు ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపులు ఆపే రెండు గొట్టాలు) చూడండి.

వీ4కి అప్‌సైడ్ డౌన్ ఫోర్కులు, అంటే తలకిందులుగా బిగించినవి: లావు గొట్టం పైన, సన్నటి రాడ్డు కింద. సాలూరు ఘాట్ మలుపుల్లో గట్టిగా బ్రేక్ వేసినా ముందు భాగం నిలకడగా ఉంటుంది. వెనక చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ అదనం, వాన తడిలో పనికొస్తుంది. ఎస్‌కి మామూలు ఫోర్కులే. శ్రీకాకుళం నుంచి నాతవలస మీదుగా విజయనగరం రోజూ తిరిగేవాళ్లకి అవి చాలు.

వీ4లో జాగ్రత్త ఒకటుంది. ఫోర్కులోని మెరిసే రాడ్డు కింద, చక్రం పక్కనే ఉంటుంది. పల్లె దారి బురద దానికి పట్టి ఎండితే, ఆ గరుకు, ఫోర్కు లోపలి ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు సీలుని కోసేస్తుంది. కారిన ఆయిల్ బ్రేక్ డిస్కు మీద పడితే బ్రేక్ పట్టదు. అందుకే వానలో తిరిగొచ్చాక రాడ్డుని తడిగుడ్డతో తుడవండి. సెకండ్ హ్యాండ్ బండైతే రాడ్డు చుట్టూ వేలు తిప్పి చూడండి, జిడ్డు తగిలితే సీలు పోయినట్టే.

ఇంట్లోవాళ్లని వెనక ఎక్కించుకునేవాళ్లయితే ఎస్ తీసుకోండి, సీటు ఒకే ముక్క. వీ4 వెనక సీటు ఎత్తుగా, చిన్నగా ఉంటుంది, చీరతో ఎక్కడం నిజంగా కష్టం. టెస్ట్ రైడ్‌కి వాళ్లనీ తీసుకెళ్లండి.