సహోద్యోగి పంపే ‘ఆల్ మెయిళ్లు’: అవుట్‌లుక్, జీమెయిల్ సాధనాల్లో ఏది పనికొస్తుంది?

పొద్దున్నే శుభోదయం బొమ్మ, ఆ వెంటనే ఏకాదశి విశిష్టత, పదకొండింటికి మియాపూర్‌లో ఫ్లాట్ అమ్మకం, మధ్యాహ్నానికి చిట్టీల ప్రకటన. ఇవి బయటి కంపెనీ నుంచి వస్తే ఒక్క నొక్కుతో వదిలించుకోవచ్చు. పక్క టీమ్ సీనియర్ గారు ఆఫీసులో అందరికీ కలిపి పంపుతుంటే అలా కుదరదు. ఇన్‌వాయిస్ ఆమోదం, రిలీజ్ తేదీ కూడా ఆయన దగ్గర్నుంచే రావాలి. అంటే మనిషి మెయిల్ మొత్తాన్ని కాదు, అందులోని పనికిరాని భాగాన్నే ఆపాలి. సాధనం మంచిదా కాదా అని తేల్చాల్సింది ఈ ఒక్క విషయం మీదే.

అందరూ ముందు పట్టుకునేది ‘బ్లాక్’. ఈ పనికి అది పనికిరాదు. అవుట్‌లుక్‌లో ఒకే సంస్థ ఎక్స్‌ఛేంజ్‌లో (మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్‌లో) ఉన్నవారి మెయిల్‌ని జంక్ వడపోత లోపలి మెయిల్‌గా నమ్ముతుంది. అందుకే సహోద్యోగిని బ్లాక్ చేసినా ఆయన మెయిల్ మామూలుగా ఇన్‌బాక్స్‌కే వస్తుంది. జీమెయిల్‌లో బ్లాక్ పనిచేస్తుంది, ప్రమాదమూ అక్కడే ఉంది. ఆమోదాల మెయిళ్లు కూడా స్పామ్‌లోకి పోయి, 30 రోజులకు చెరిగిపోతాయి.

అవుట్‌లుక్‌లోని ‘ఇగ్నోర్’ మంచి సాధనమే, కానీ దాని పని వేరు. కంట్రోల్, డిలీట్ కలిపి నొక్కితే ఆ సంభాషణలోని మెయిళ్లు, ఇకపై రాబోయే జవాబులు కూడా డిలీటెడ్ ఐటమ్స్‌లోకి వెళ్తాయి. ఒకరి ప్రమోషన్‌కి రెండొందల మంది ‘కంగ్రాట్స్’ అని రిప్లై ఆల్ కొట్టే రోజున ఇంతకంటే మేలైనది లేదు. రోజుకో కొత్త సబ్జెక్టుతో వచ్చే మంచిమాటకు మాత్రం ఇది ఉపయోగపడదు, ఎందుకంటే ప్రతి ఉదయం కొత్త సంభాషణ మొదలవుతుంది. ఇంకో సంగతి: ఇగ్నోర్ చేసిన సంభాషణలో మేనేజర్ మిమ్మల్నే ఏదైనా అడిగినా అది కూడా చెత్తలోకే పోతుంది. వెనక్కి తెచ్చుకోవాలంటే డిలీటెడ్ ఐటమ్స్‌లో ఆ మెయిల్‌ని ఎంచుకుని మళ్లీ ఇగ్నోర్ నొక్కాలి.

వెబ్‌లోనూ కొత్త అవుట్‌లుక్‌లోనూ ఉండే ‘స్వీప్’ ఒకరి మెయిళ్లన్నీ ఒకేసారి ఊడ్చేస్తుంది; అది పంపినవారి పేరును మాత్రమే చూస్తుంది, విషయం చూడదు. బ్యాంకు ఆఫర్ల మెయిళ్లకు సరిపోతుంది. సహోద్యోగికి వాడకండి.

అసలు పనిచేసేది ‘రూల్’, అంటే మెయిల్ రాగానే ఏం చేయాలో మనం ముందే రాసిపెట్టే షరతు. అదీ సరిగ్గా రాస్తేనే. ఎక్కువమంది ‘ఈయన దగ్గర్నుంచి వస్తే ఆ ఫోల్డర్‌లో వేయి’ అని రాసి ఊరుకుంటారు. వారం తిరక్కుండానే ఏదో పని మెయిల్ అందులో మునిగిపోతుంది. పాత (క్లాసిక్) అవుట్‌లుక్‌లో చేయాల్సింది ఇది: ఆయన మెయిల్ ఒకటి ఎంచుకుని హోమ్, రూల్స్, క్రియేట్ రూల్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ దాకా వెళ్లండి. షరతుల్లో ఆయన పేరు ఉన్న పెట్టెకు టిక్ పెట్టండి. చర్యగా ఒక ప్రత్యేక ఫోల్డర్‌కి తరలించమని చెప్పండి. ఆ తర్వాత వచ్చే మినహాయింపుల పేజీని చాలామంది చూడకుండానే నెక్స్ట్ కొట్టేస్తారు. రూల్‌కి ప్రాణం అక్కడుంది. ‘టు లేదా సీసీలో నా పేరు ఉంటే తప్ప’ అన్నదానికి టిక్ పెట్టండి. మెయిల్ డీఎల్‌కి (చాలామందికి కలిపి ఒకే చిరునామా ఉండే గ్రూప్‌కి) వచ్చినా, పేర్లు బయటికి కనిపించని బీసీసీలో వచ్చినా మీ పేరు ఆ గడుల్లో ఉండదు కాబట్టి అది పక్కకు వెళ్తుంది. మీకే నేరుగా రాస్తే ఇన్‌బాక్స్‌లో ఉంటుంది. రెండో మినహాయింపుగా మీ సొంత టీమ్ డీఎల్ చిరునామా ఇవ్వండి. షరతులు ఎన్ని పెట్టినా అన్నీ కుదిరితేనే రూల్ నడుస్తుంది. మినహాయింపుల్లో మాత్రం ఏ ఒక్కటి కుదిరినా రూల్ ఆగిపోతుంది. ఈ తేడా గుర్తుంటే సగం తప్పులు జరగవు.

ఇదీ తప్పిపోయే సందర్భం ఒకటుంది. కొందరు డీఎల్ వాడరు, నూటయాభై పేర్లూ టు గడిలోనే నింపుతారు. అప్పుడు మీ పేరు అక్కడ కనిపిస్తుంది, మినహాయింపు వర్తిస్తుంది, శుభోదయం ఇన్‌బాక్స్‌లో దిగుతుంది. దీనికి సబ్జెక్టులోని పదాలతో రెండో రూల్ రాసి, పైదానికంటే ముందు ఉంచి, ‘ఇక మిగతా రూల్స్ ఆపు’ అన్నది కూడా ఎంచుకోవాలి. పదం ముక్క కలిసినా అవుట్‌లుక్ పట్టుకుంటుంది కాబట్టి ‘శుభాకాంక్షల’ అని రాస్తే ‘శుభాకాంక్షలు’, ‘శుభాకాంక్షలతో’ రెండూ దొరుకుతాయి. జీమెయిల్ పూర్తి పదాన్నే చూస్తుంది, అక్కడ రెండు రూపాలూ విడివిడిగా ఇవ్వాలి. అదే పదాన్ని ఇంగ్లిషు అక్షరాల్లో రాసేవాళ్లు ఎక్కువ, ఆ స్పెల్లింగులూ చేర్చండి. సబ్జెక్టు ఖాళీగా ఉండి బొమ్మ మాత్రమే వస్తే వెతకడానికి పదమే ఉండదు. అప్పుడు అటాచ్‌మెంట్ ఉందా, సైజు ఎన్ని కేబీలు అన్న షరతులు కలిపి వాడాలి. అవి కూడా పాత అవుట్‌లుక్‌లో ఉన్నాయి.

ఫోల్డర్ ఎక్కడ తెరుస్తున్నారో చూసుకోండి. మీ కంప్యూటర్‌లోనే మెయిళ్లు దాచే పీఎస్‌టీ ఫైల్ లోపల తెరిస్తే ఆ రూల్ అవుట్‌లుక్ తెరిచి ఉన్నప్పుడే నడుస్తుంది. ల్యాప్‌టాప్ మూసి ఇంటికి వెళ్లాక ఫోన్ మోగుతూనే ఉంటుంది. మెయిల్‌బాక్స్ లోపలి ఫోల్డర్ అయితే సర్వరే ఆ పని చూసుకుంటుంది.

జీమెయిల్‌లో వెతికే పెట్టె పక్కన ఉన్న ఆప్షన్లలో ఫ్రమ్ గడిలో ఆయన చిరునామా, టు గడిలో గ్రూప్ చిరునామా రాసి ఫిల్టర్ చేయండి. ‘స్కిప్ ద ఇన్‌బాక్స్’, ‘అప్లై ద లేబుల్’ చాలు. అవుట్‌లుక్‌లాగా మినహాయింపుల పేజీ విడిగా లేదు, ‘డజంట్ హ్యావ్’ గడిలో ప్రాజెక్టు పేర్లు రాసుకోవాలి. ఈ పనికి అవుట్‌లుక్ రూలే ఒక మెట్టు పైన ఉంది. జవాబుల వరదకు జీమెయిల్‌లో మ్యూట్ ఉంది, షార్ట్‌కట్లు ఆన్‌లో ఉంటే ఎమ్ అక్షరం నొక్కితే చాలు.

ఇవన్నీ మన కంటికి అడ్డు పెట్టుకునే తెరలే. రోగం కుదిరేది డీఎల్ దగ్గర. ఎక్స్‌ఛేంజ్‌లో ప్రతి గ్రూప్‌కీ డెలివరీ మేనేజ్‌మెంట్ ఉంటుంది, ఎవరెవరు పంపవచ్చో అక్కడే నిర్ణయించవచ్చు. మెసేజ్ అప్రూవల్ పెడితే ఒకరు ఆమోదించాకే మెయిల్ అందరికీ వెళ్తుంది. గూగుల్ గ్రూప్స్‌లో ‘హూ కెన్ పోస్ట్’ అన్నది ఇదే పని చేస్తుంది. ఐటీ వాళ్లకు ఫిర్యాదులా కాకుండా లెక్కలా చెప్పండి. ఎక్స్‌ఛేంజ్ 2010 నుంచి అటాచ్‌మెంట్ ప్రతి మెయిల్‌బాక్స్‌లోనూ విడిగా దాచబడుతుంది. 4 ఎంబీ బొమ్మ 600 మందికి వెళ్తే దాదాపు 2.4 జీబీ. పంపినవారి పేరు చెప్పాల్సిన అవసరమే రాదు.

మైక్రోసాఫ్ట్ 2020 మేలో రిప్లై ఆల్ తుఫాను రక్షణ తెచ్చింది. 5,000 మందికి మించి ఉన్న సంభాషణలో గంటలోపు 10 రిప్లై ఆల్‌లు వస్తే తర్వాతివాటిని 4 గంటలు ఆపేలా మొదలుపెట్టారు. మధ్యస్థాయి ఆఫీసుకు ఆ హద్దు చాలా ఎక్కువ, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ‘నన్ను ఈ లిస్టులోంచి తీసేయండి’ అని మీరే అందరికీ రిప్లై ఆల్ కొట్టకండి. ఆ ఒక్క మెయిల్ చూసి ఇంకో పాతికమంది అదే చేస్తారు.

సెట్టింగులకు ముందే ఆయనకు ఒక్కరికే ఒక ముక్క రాయడం మంచిది: “సర్, మీరు పంపే మంచిమాటల మధ్య పని మెయిళ్లు తప్పిపోతున్నాయి. ఆఫీసు మెయిల్ లిస్టులోంచి నా పేరు తీసేయగలరా? వాట్సాప్‌లో పంపితే తీరిగ్గా చూస్తాను.” పెద్దవాళ్లకు వాట్సాప్ అన్న దారి చూపిస్తే చిన్నబుచ్చుకోరు.

రూల్‌లో చర్యగా ‘డిలీట్’ ఎప్పుడూ పెట్టకండి, ఫోల్డరే పెట్టండి. మహిళా ఉద్యోగులకు ఇది మరీ ముఖ్యం. శుభోదయాలతో మొదలైనవి అసభ్యమైన జోకుల దాకా వస్తే అది ఇబ్బంది స్థాయి దాటి 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం కిందికి వస్తుంది. 10 మంది, ఆ పైన ఉద్యోగులున్న ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. ఘటన జరిగిన 3 నెలల్లోపు అక్కడ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. మెయిల్‌ని మామూలుగా ఫార్వర్డ్ చేస్తే అసలు హెడర్లు పోతాయి. పాత అవుట్‌లుక్‌లో కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ నొక్కి అటాచ్‌మెంట్‌గా పంపితే తేదీ, సమయం, ఎవరెవరికి వెళ్లిందన్న వివరాలు అలాగే ఉంటాయి.