ఏథెన్స్‌లో తావెర్నా భోజనం: ప్లాకాలోనా, సముద్రం ఒడ్డునా, పేట మధ్యలోనా?

గ్రీస్ వెళ్లేవాళ్లు అడిగేది దాదాపు ఒకటే. ఏథెన్స్‌లో ఒకటి రెండు పూటలే ఉంటాం, మంచి తావెర్నా, అంటే మామూలు గ్రీకు భోజనశాల, పేరొకటి చెప్పండి అని. పేరు చెబితే పెద్దగా ఒరిగేదేం లేదు. తావెర్నాల్లోనే రకాలున్నాయి, ఏ రకానికి ఏ వేళకి వెళ్లారన్నదాన్ని బట్టి అదే ఊళ్లో, అదే డబ్బుకి, చాలా రోజులు గుర్తుండే భోజనం దొరకొచ్చు, లేదా మళ్లీ వేడిచేసిన మూసాకా (వంకాయ, ఖీమా పొరలుగా పేర్చి ట్రేలో కాల్చే వంట) ముందు కూర్చుని ఫొటో దిగి రావచ్చు. అసలు పోటీ మూడింటి మధ్య: అక్రోపోలిస్ అనే పురాతన కోట కొండ కింద ప్లాకా పేట సందుల్లోవి, సముద్రం ఒడ్డున చేపలవి, పొద్దున్నే వండిన కూరలు పెట్టే పేట తావెర్నాలు.

నా తీర్పు ముందే చెప్పేస్తా: ఒక్క పూటే ఉంటే మధ్యాహ్నం, పేట తావెర్నా. ఎందుకో చూడండి.

ప్లాకాని తిట్టడం ఫ్యాషన్ అయిపోయింది గానీ, అందులో న్యాయం సగమే. మెట్ల మీద టేబుళ్లు, తల పైన ద్రాక్ష పందిరి, పైకి చూస్తే కొండ, నిజంగానే బాగుంటుంది. రోజంతా తెరిచే ఉంటుంది, ఇంగ్లిష్ మెనూ ఉంటుంది, సాయంత్రం ఏడింటికే పిల్లలకి ఆకలేస్తే తిండి పెట్టేది ఇక్కడే. ఎందుకంటే గ్రీకులు రాత్రి తొమ్మిది దాటాక గానీ భోజనానికి కదలరు, ఏడింటికి నిండుగా ఉన్న తావెర్నా అంటే అందులో ఉన్నది మనలాంటి వాళ్లే అని అర్థం. ఇబ్బంది ఏంటంటే, గుమ్మం ముందు నిలబడి రండి సార్ రండి అని పిలిచే మనిషి, పది భాషల జెండాలు, పాలిపోయిన ఫొటోల మెనూ, ఈ మూడూ ఒకేచోట కనిపిస్తే వంటింట్లో పెద్ద శ్రద్ధ ఉండదు. రేపు మళ్లీ రాని కస్టమర్ కోసం ఎవరు కష్టపడతారు చెప్పండి. అక్కడ తినాల్సి వస్తే సలాడ్, జాజికి (దోసకాయ వేసిన పెరుగు పచ్చడి), వేయించిన చీజ్, కాల్చిన మాంసం తీసుకోండి, అంటే అప్పటికప్పుడు చేసేవి. ట్రేలో చేసేవాటి జోలికి రాత్రిపూట పోవద్దు.

ఇక చేపల తావెర్నా. ఏథెన్స్ రేవు పిరేయస్ దగ్గర మిక్రోలిమానోలో పడవల పక్కనే టేబుళ్లు, దీవుల్లో అయితే తాడు మీద ఆరేసిన ఆక్టోపస్‌లు. చూడగానే ఇదే గ్రీస్ అనిపిస్తుంది, బిల్లు చూశాక వేరే అనిపిస్తుంది. పెద్ద చేపల్ని అక్కడ ప్లేటు లెక్కన కాదు, కిలో లెక్కన అమ్ముతారు. మెనూలో కనిపించే 60, 70 యూరోలు కిలోకి. ఒక మోస్తరు చేప ముప్పావు కిలో తూగిందంటే ఎంతవుతుందో లెక్కేసుకోండి. అందుకని లోపలికి వెళ్లి ఐసు మీద పెట్టిన చేపల్ని చూడాలి, కన్ను, మొప్ప చూడాలి, ఇదీ అని వేలు పెట్టి చూపించి ముందే తూకం వేయించాలి, ధర అడగాలి. ఇందులో మొహమాటం ఏమీ లేదు, గ్రీకులూ అదే చేస్తారు. భీమవరంలోనో, కాకినాడలోనో చేపలు కొన్న ఇంటి మనిషిని వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది.

మెనూలో కొన్ని పేర్ల పక్కన నక్షత్రం గుర్తో, గ్రీకు కప్పా అక్షరమో ఉంటే అది ఫ్రీజర్ సరుకు. అలా గుర్తు పెట్టడం అక్కడ తప్పనిసరి. స్క్విడ్ చాలాచోట్ల ఫ్రీజర్‌దే, అదేం నేరం కాదు, కాకపోతే తాజా ధర ఇవ్వక్కర్లేదు. ఇంకోటి, వేసవిలో గ్రీకు తీరంలో ట్రాలర్లకి వేట నిషేధం, మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉన్నట్టే. చిన్న పడవలు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. టూరిస్టులు ఎక్కువగా వచ్చేదీ ఆ నెలల్లోనే కదా, పెద్ద చేప ధర ఎందుకు దిగుతుంది? డబ్బు చూసుకోవాలంటే వేయించిన నెత్తళ్లు, కాల్చిన సార్డీన్లు తీసుకోండి. వాటికి ప్లేటు ధరే, తూకం టెన్షన్ లేదు, పైగా నా నోటికి అవే ఎక్కువ రుచి.

ఇప్పుడు పేట తావెర్నా. కుకాకి, పెట్రలోనా, కిప్సెలి, కేసరియాని లాంటి మామూలు జనం ఉండే పేటల్లో, కాగితం గుడ్డని క్లిప్పులతో బిగించిన టేబుళ్లు, గడ్డి అల్లిన చెక్క కుర్చీలు. వాటిలో కొన్ని రాత్రిపూట మాత్రమే తెరుస్తాయి కాబట్టి మధ్యాహ్నం వండిపెట్టేవే చూసుకోవాలి. ఇలాంటిచోట పొద్దున్నే పెద్ద పెద్ద ట్రేలు, గిన్నెల్లో వంట అయిపోతుంది, ఒంటిగంట నుంచి మూడింటి మధ్య ఆ వంట మంచి రుచిలో ఉంటుంది. మూసాకా కూడా అప్పుడే తినాలి. మెనూ అర్థం కాకపోతే వంటింట్లోకి తొంగి చూసి, గిన్నె మూత తీయించుకుని ఇది కావాలి అని చూపించవచ్చు. పాత పద్ధతి తావెర్నాల్లో అది మామూలే. అథినాస్ వీధిలో పెద్ద మార్కెట్ ఉంది, దాని చుట్టుపక్కల ఇంకా పాతకాలంవి ఉన్నాయి. నేలమాళిగలో, గోడ పొడుగునా వైన్ పీపాలున్న దిపోర్తో బాగా పేరున్నది. అక్కడ మెనూనే ఉండదు, ఆ రోజు వండినదేదో అదే, టేబుల్ ఖాళీ లేకపోతే ముక్కూమొహం తెలియని వాళ్ల పక్కనే కూర్చోబెడతారు.

కేసరియాని సంగతి వేరే చెప్పాలి. 1922లో ఆసియా మైనర్ (ఇప్పటి టర్కీ) నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చిన గ్రీకు శరణార్థులు కట్టుకున్న పేట అది. జీలకర్ర వేసి టమాటా పులుసులో ఉడికించే, అక్కడి స్మిర్నా ఊరి ఖీమా ముద్దలు అలా వచ్చినవాళ్లతో వచ్చిన వంటే. జీలకర్ర వాసన తగిలితే మన ప్రాణం కొంచెం లేచొస్తుంది, ఎందుకంటే మిగతా చోట్ల కారం అనే మాటే లేదు.

శాకాహారులకైతే ఇక పోటీయే లేదు. చేపల తావెర్నాలో సలాడ్, బంగాళదుంప వేపుడుతో సరిపెట్టుకోవాల్సిందే, పేట తావెర్నాలో మాత్రం టమాటాలో ఉడికిన బెండకాయ, బీన్స్, పెద్ద తెల్ల చిక్కుడు గింజలు, నిమ్మరసం పిండిన ఆకుకూర, అన్నం కూరిన టమాటాలు, శనగలు, అన్నీ ఆలివ్ నూనెలోనే. సాంతోరిని దీవి పసుపు పప్పు ఫావా అయితే పైన ఉల్లిపాయ, ఆలివ్ నూనె వేసిన ముద్దపప్పే అనుకోండి. ఇన్ని రకాలుండటానికి కారణం గ్రీకు క్రైస్తవుల ఆర్థడాక్స్ ఉపవాసాలు. ఈస్టర్ ముందు, క్రిస్మస్ ముందు వారాల తరబడి, ఆగస్టు మొదటి రెండు వారాలు, మామూలుగా బుధ, శుక్రవారాలు, పాటించేవాళ్లు మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. ‘నిస్తిసిమో’ అని అడిగితే ఉపవాస వంటలు చూపిస్తారు. అయితే ఒక మెలిక ఉంది: ఉపవాసంలో ఆక్టోపస్, స్క్విడ్, రొయ్య నిషిద్ధం కాదు! కాబట్టి అవి తేవొద్దని విడిగా చెప్పండి. కూరిన టమాటాల్లో, ద్రాక్షాకు చుట్టల్లో ఖీమా ఉందేమో కూడా అడగండి, రెండు రకాలుగానూ చేస్తారు.

పేట తావెర్నాలోనూ మనవాళ్లకి నచ్చనివి ఉన్నాయి. కూరలు పొగలు కక్కుతూ రావు, గోరువెచ్చగా వస్తాయి, అక్కడ అదే పద్ధతి. నూనె తేలుతుంటుంది. ప్లేట్లు వరసగా రావు, ఏది రెడీ అయితే అది వస్తుంది, మధ్యలో పెట్టుకుని అందరూ తినాలి, అందుకే మనిషికొకటి చొప్పున ఆర్డర్ చేస్తే సగం మిగిలిపోతుంది. నలుగురికి ఓ ఐదు ప్లేట్లతో మొదలుపెట్టి చూడండి. అడగకుండానే వచ్చే బ్రెడ్‌కి మనిషికి యూరో అటూ ఇటూగా బిల్లులో పడుతుంది, అది మోసం కాదు. వైన్ తాగేవాళ్లు సీసా జోలికి పోకుండా ఇంటి వైన్ అడిగితే చాలు, అరకిలో, కిలో లెక్కన కూజాలో పోసిస్తారు. బిల్లు అడిగేదాకా తేరు, పట్టించుకోవట్లేదని కోపం తెచ్చుకోకండి, లేవమన్నట్టు బిల్లు పెట్టడం అక్కడ అమర్యాద. చాలాచోట్ల చివర్లో పండు ముక్కలో, ఓ చిన్న స్వీటో ఊరికే పెడతారు, వద్దనకండి. రసీదు మాత్రం అడిగి తీసుకోండి. రసీదు ఇవ్వకపోతే డబ్బు కట్టక్కర్లేదని మెనూ మీదే రాసి ఉంటుంది.

మాంసం కాల్చే తావెర్నాలకి, ముఖ్యంగా ఊరి బయట ‘వారి’ అనే చోటికి, ఐదారుగురు గట్టిగా తినేవాళ్లుంటేనే వెళ్లండి. గొర్రె చాప్స్ కిలో లెక్కన వస్తాయి, ఇద్దరికి టాక్సీ ఖర్చు కూడా గిట్టదు.

నేను చెప్పిందంతా తలకిందులయ్యేది ఆగస్టు నడిమధ్యలో. 15న మరియమ్మ పండగ, ఆ చుట్టుపక్కల రోజుల్లో ఏథెన్స్ సగం ఖాళీ, పేట తావెర్నాలు చాలావరకు తాళాలేసుకుని యజమానులు సొంతూళ్లకో, దీవులకో వెళ్లిపోతారు. అప్పుడు ఏథెన్స్‌లో దిగితే వెతుక్కుంటూ ఎండలో తిరగకుండా ప్లాకాకే వెళ్లండి, పిలిచే మనిషి లేని గుమ్మం చూసుకుని, సలాడ్, కాల్చిన మాంసం చెప్పండి.