వేడెక్కించి ఉంచిన ఇంజిన్‌తో చూపించే పాత టర్బో కారును కొనకండి

పాత టర్బో పెట్రోల్ కారు కొని 19 రోజులయింది. నిన్న సాయంత్రం, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే దాని టర్బోను విప్పి మెకానిక్ నా చేతిలో పెట్టాడు. ఒకే యజమాని, ప్రతి 10,000 కిలోమీటర్లకూ తప్పకుండా ఆయిల్ మార్పించాము అన్న మాటలు నమ్మి కొన్న కారు ఇది.

నేను చూడడానికి వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంది. బానెట్ మీద చెయ్యి పెట్టి అడిగితే, అమ్మే మనిషి "మీరు వస్తున్నారనే ఇప్పుడే కడిగించి తెచ్చానండీ" అన్నాడు. ఆ మర్యాదకు సంతోషించాను గాని, కొన్ని లోపాలు చల్లారిన ఇంజిన్‌ను స్టార్ట్ చేస్తేనే బయటపడతాయి, అలా నా ఎదుట స్టార్ట్ చేయమని పట్టుబట్టలేదు. ఆ తప్పు నాదే. రెండు వారాలు తిరగకముందే, సిగ్నల్ దగ్గర కాసేపు ఆగి కదిలిస్తే వెనక నీలం పొగ (ఆయిల్ కాలుతోందన్న గుర్తు), ఎత్తు ఎక్కుతుంటే ఈల లాంటి చప్పుడు మొదలై, చివరికి బండిలో లాగే శక్తే లేకుండా పోయింది.

డోరు పక్కన అంటించిన పాత ఆయిల్ స్టిక్కర్ మీద ఒక షెడ్డు పేరు కనిపిస్తే, అక్కడికే తీసుకెళ్లాను. ఆ మెకానిక్ గాలి పైపు ఊడదీసి, టర్బో చక్రాన్ని వేలితో పట్టి కదిపితే, షాఫ్ట్ ముందుకూ వెనక్కూ జరుగుతోంది. రెక్కల అంచులు గోడకు ఒరుసుకుని అరిగిపోయి ఉన్నాయి. సైలెన్సర్ వైపు పోయే వేడి వాయువుల తోపుతో ఆ చక్రం నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుందనీ, అంత వేగంలో షాఫ్టును కాపాడేది పలచటి ఆయిల్ పొర మాత్రమేననీ, ఆయిల్ మార్చకుండా నడిపితే అది మాడి మడ్డిగా మారి సన్నటి ఆయిల్ పైపును పూడ్చేస్తుందనీ ఆయన ఓపికగా వివరించాడు. ఆ పైపు శుభ్రం చేయకుండా కొత్త టర్బో వేసినా అదీ అలాగే పోతుందట.

తరువాత ఆయన, "ఈ బండి ఇంతకు ముందు నా దగ్గరికే వచ్చిందండీ" అంటూ తన పుస్తకం తెరిచాడు. నేను డబ్బు కట్టడానికి సరిగ్గా 12 రోజుల ముందు తేదీతో, టర్బో మార్చాలని రాసిన ఎస్టిమేట్ అందులో ఉంది. దాని కింద, ఆయిల్ మార్చి 23,000 కిలోమీటర్లు దాటిందని కూడా రాసి ఉంది. ఆ కాగితం ఇంట్లో పెట్టుకునే, కారు అమ్మిన ఆ మనిషి నాకు టీ ఇచ్చి, తన పిల్లలు ఈ కారును ఎంత ఇష్టపడేవారో చెప్పాడు.

అక్కడి నుంచే అతనికి ఫోన్ చేసి, ఈ సంగతి ముందే తెలిసి ఎందుకు దాచారని అడిగాను. ఒక్క క్షణమైనా తడబడకుండా, "చెబితే మీరు కొనేవారా?" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. రిపేరుకయ్యే ఖర్చు కన్నా ఆ ప్రశ్నే నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. కొనేవాణ్ణి కాదు, అందుకే కదా చెప్పవలసింది!

కొనేవారు దయచేసి రాత్రంతా ఆగి ఉన్న ఇంజిన్‌ను మీరే స్టార్ట్ చేసి, కొన్ని నిమిషాలు అలాగే ఉంచి, ఆపై యాక్సిలరేటర్ తొక్కి పొగ రంగు చూడండి. ఆయిల్ మార్పించిన బిల్లులు తేదీలతో సహా అడగండి, అవి లేవంటే తిరిగి వచ్చేయండి. స్టిక్కర్ మీద షెడ్డు పేరు ఉంటే, డబ్బు ఇవ్వకముందే అక్కడికి ఫోన్ చేయండి. నేను ఆ షెడ్డుకు డబ్బు కట్టేశాక గాని వెళ్లలేదు.