మ్యాచ్ రిపోర్టా, గేమ్ రివ్యూనా: ఎవరి రాత నమ్మొచ్చు?

మా బాబాయి రాత్రి పదకొండున్నర దాకా కూర్చుని మ్యాచ్ ఆఖరి బంతి వరకూ చూస్తాడు. పొద్దున పేపర్ రాగానే మళ్లీ అదే మ్యాచ్ గురించి స్పోర్ట్స్ పేజీలో చదువుతాడు. "చూసిందే కదా బాబాయ్, మళ్లీ చదవడమెందుకు?" అంటే, "వీడేం రాశాడో చూడాలిగా" అంటాడు. ఆయన చదువుతుంటే టీచరు పరీక్ష పేపర్లు దిద్దుతున్నట్టే ఉంటుంది.

మా మేనల్లుడిది ఇంకో రకం. వాడు కొన్న వీడియో గేమ్ ఇంకా విడుదలే కాలేదు, డబ్బులు మాత్రం ముందే కట్టేశాడు. రివ్యూలు బయటికొచ్చే టైమ్‌కి ఫోన్ పట్టుకుని కూర్చుంటాడు. ఎవరో పదికి ఏడు వేశారు. "వీడికి గేమ్ ఆడటమే రాదు మావయ్యా" అన్నాడు. నువ్వు ఆడావా అని అడిగా. "శుక్రవారం కదా రిలీజ్" అన్నాడు.

ఇద్దరి కోపమూ రాసినవాడి మీదే. కాకపోతే ఒకడు కళ్లారా చూసి తిడుతున్నాడు, ఇంకొకడు చూడకుండానే తిడుతున్నాడు. ఆటల విలేకరికీ గేముల విలేకరికీ ఉన్న తేడా అంతా దాదాపు ఇక్కడే ఉంది.

క్రికెట్ రిపోర్టర్ అబద్ధం రాయలేడు. కోట్ల మంది కళ్లముందు వదిలేసిన క్యాచ్‌ని పట్టాడని రాస్తే మర్నాడు ఆఫీసులో తలెత్తుకోలేడు. గేమ్ రివ్యూ రాసేవాడు మాత్రం మనకంటే ముందు చూసి వచ్చి చెబుతాడు. అతను చెప్పేది నిజమో కాదో తేల్చుకోవాలంటే మనం ముందు జేబులోంచి డబ్బు తీయాలి.

పైగా అతనికి ఆ ముందు చూపు ఇచ్చేది ఆ గేమ్ అమ్మే కంపెనీయే. విడుదలకు కొన్ని రోజుల ముందు కొందరికి కాపీ పంపిస్తుంది, దాంతోపాటే షరతులు కూడా వస్తాయి. ఫలానా రోజు ఫలానా గంట దాకా ఒక్క ముక్క బయటికి పొక్కకూడదు. దీన్ని ఎంబార్గో అంటారు. కథలో ఫలానా చోటు దాటి చెప్పకూడదు. ముప్పై నలభై గంటల ఆటని నిద్ర మానుకుని నాలుగు రోజుల్లో ముగించి, రాసి, మార్కులేస్తారు. ఆ మార్కులన్నీ పోగేసి మెటాక్రిటిక్ అనే సైట్ వందకి ఇన్ని అని ఒక అంకె తేలుస్తుంది.

ఈ అంకెల గొడవ మనకు కొత్తేం కాదు. సినిమా విడుదలైన రోజు మధ్యాహ్నానికి ఐదుకి 2.75 అని పడగానే ఏమవుతుందో తెలుగువాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. రాసినవాడి లెక్కలో అది "ఒకసారి చూడొచ్చు", ఫ్యాన్ లెక్కలో మా హీరోకి జరిగిన అవమానం. గేముల్లో ఆ 2.75 లాంటిదే ఏడు. మన చదువుల్లో నూటికి డెబ్భై అంటే ఫస్ట్ క్లాస్, గేమ్ ఫ్యాన్‌కి అది ఫెయిలైనట్టే. 2014లో ఐజీఎన్ అనే గేముల సైట్ ఒక పోకెమాన్ గేమ్‌కి 7.8 ఇచ్చి, లోపాల కింద "నీళ్లు ఎక్కువ" అని ఒక ముక్క రాసింది. ఆ ఆటలో సముద్రం మీద ప్రయాణం నిజంగానే ఎక్కువ. అయినా పదేళ్లు దాటినా ఆ ముక్క ఇంకా జోకుగా తిరుగుతూనే ఉంది.

రివ్యూ పద్ధతి ఎక్కడ తెగుతుందో చూడాలంటే సైబర్‌పంక్ 2077 సంగతి చెప్పుకోవాలి. పోలండ్‌కి చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ తీసిన గేమ్ అది. మూడుసార్లు వాయిదా పడి, చివరికి 2020 డిసెంబర్ 10న వచ్చింది. విడుదలకు ముందే 80 లక్షల కాపీలు అమ్ముడయ్యాయని కంపెనీయే ప్రకటించింది. రివ్యూల కోసం మాత్రం పీసీ వెర్షన్, అంటే కంప్యూటర్లో ఆడేది ఒక్కటే పంపారు. విలేకరులు తాము ఆడినప్పటి వీడియోని చూపించడానికి లేదు, కంపెనీ ఇచ్చిన క్లిప్పులే వాడాలి. డిసెంబర్ 7న రివ్యూలు వచ్చాయి, మెటాక్రిటిక్‌లో సగటు తొంభై దరిదాపుల్లో నిలిచింది. జనం చంకలు గుద్దుకున్నారు. మూడు రోజుల తర్వాత టీవీకి తగిలించి ఆడే కన్సోల్ అయిన పాత ప్లేస్టేషన్ 4లో పెట్టి చూస్తే మనుషుల మొహాలు మైనపు బొమ్మల్లా ఉన్నాయి, ఆట మధ్యలో ఆగిపోతోంది, రోడ్డు మీద కార్లు ఎక్కడినుంచో ఊడిపడుతున్నాయి. వారం తిరగ్గానే సోనీ తన స్టోర్ నుంచి ఆ గేమ్‌ని తీసేసి, కొన్నవాళ్లకు డబ్బు వెనక్కిస్తానంది. మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో.

రివ్యూ రాసినవాళ్లు అబద్ధమేమీ చెప్పలేదు. తాము ఆడిన పీసీ వెర్షన్ గురించి నిజమే రాశారు. చూడనివ్వని వెర్షన్ గురించి మాత్రం ఏమీ రాయలేకపోయారు, "కన్సోల్ కాపీ మాకు ఇవ్వలేదు" అన్న మాటని హెడ్డింగ్‌లో పెట్టాల్సింది పోయి లోపలెక్కడో ఇరికించారు. నా దృష్టిలో ఆ వారం జరిగిన అసలు తప్పు అదే.

ఆ వారంలో ఫ్యాన్లు చేసింది ఇంకా చిత్రం. గేమ్‌స్పాట్ అనే గేముల సైట్ రివ్యూయర్ ఒకామె పదికి ఏడు ఇచ్చి, బగ్‌లు, అంటే ప్రోగ్రామ్‌లో తప్పులు ఉన్నాయని రాసింది. విడుదలకు ముందే ఆమెను బండబూతులు తిట్టారు. మూర్ఛ జబ్బు ఉన్న ఇంకో రివ్యూయర్, ఆటలో ఒకచోట వచ్చే మెరుపులకి తనకు ఫిట్స్ వచ్చాయని, అలాంటివాళ్లు జాగ్రత్తగా ఉండాలని రాస్తే, ఆమెకు కావాలనే మెరుపుల వీడియోలు పంపించారు. పది రోజులు తిరక్కుండా అదే జనం "ఈ విలేకరులంతా అమ్ముడుపోయారు, మాకు ముందే ఎందుకు చెప్పలేదు" అని మొదలుపెట్టారు. చెప్పినామెని ఏం చేశారో అప్పటికే మర్చిపోయారు.

అమ్ముడుపోవడం అనే ఆరోపణకి అసలు ఆధారం లేదనడం లేదు. 2007లో గేమ్‌స్పాట్ ఎడిటర్ జెఫ్ గెర్స్ట్‌మన్, 'కేన్ అండ్ లించ్' అనే గేమ్‌కి ఆరు మార్కులిచ్చాడు. సైట్ నిండా ఆ గేమ్ ప్రకటనలే ఉన్న సమయం. కొద్ది రోజుల్లో ఉద్యోగం పోయింది. ప్రకటనలిచ్చేవాళ్ల ఒత్తిడికి లొంగి తనను తీసేశారని 2012లో ఆయనే బయటపెట్టాడు. మార్కుల దెబ్బ గేమ్ తీసినవాళ్లకి తగిలిన సందర్భమూ ఉంది. 'ఫాలౌట్: న్యూ వెగాస్' తీసిన అబ్సిడియన్ సంస్థకి మెటాక్రిటిక్‌లో 85 వస్తే బోనస్ అన్నారు. 84 వచ్చింది. ఒక్క మార్కు. రివ్యూ రాసేవాడు పావుమార్కు తగ్గించేటప్పుడు ఎవరి ఇంట్లో లెక్కలు తారుమారవుతాయో అతనికేం తెలుస్తుంది!

మరి క్రికెట్ వైపు అంతా స్వేచ్ఛేనా? పేపర్‌లో రాసేవాడి సంగతి వేరు, మైకు ముందు కూర్చునేవాడి సంగతి వేరు.

మన హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివిన కామెంటేటర్ హర్షా భోగ్లేనే తీసుకోండి. 2016 మార్చిలో టీ20 ప్రపంచకప్‌లో బంగ్లాదేశ్ మీద భారత్ ఒక్క పరుగుతో బయటపడింది. భారతీయ కామెంటేటర్ మన ఆటగాళ్ల గురించి ఎక్కువ మాట్లాడితే బాగుంటుందని అమితాబ్ బచ్చన్ ట్వీట్ పెట్టాడు. ధోనీ దాన్ని రీట్వీట్ చేశాడు. రెండు మూడు వారాల్లో ఐపీఎల్ మొదలైంది, అందులో భోగ్లే లేడు. కారణం తనకెవరూ చెప్పలేదని ఆయనే రాశాడు. ఆ ట్వీటుకీ దీనికీ లంకె ఉందని నేను అనను, అనడానికి రుజువు లేదు. కానీ కామెంటరీ బాక్సులో కూర్చున్న మిగతావాళ్లకి ఏం అర్థమై ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

మాజీ ఆటగాడు, కామెంటేటర్ సంజయ్ మంజ్రేకర్ కథ ఇంకా రంజుగా ఉంటుంది. 2019 ప్రపంచకప్‌లో జడేజాని "అరకొర ఆటగాడు" అన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. నువ్వు ఆడినదానికి రెట్టింపు మ్యాచ్‌లు ఆడాను, ఇంకా ఆడుతున్నాను అని జడేజా ట్విట్టర్లో దులిపేశాడు. వారం తిరగ్గానే న్యూజిలాండ్‌తో సెమీఫైనల్‌లో 59 బంతుల్లో 77 కొట్టి, కామెంటరీ బాక్స్ వైపు తిరిగి బ్యాట్‌ని కత్తిలా తిప్పాడు. మ్యాచ్ ఓడిపోయినా ఆ దృశ్యం మాత్రం అందరికీ గుర్తుండిపోయింది. మంజ్రేకర్ కూడా తన అంచనా తప్పని నవ్వుతూ ఒప్పుకున్నాడు. విమర్శకి ఆటగాడు ఇవ్వగలిగిన జవాబుల్లో ఇంతకంటే మంచిది నేను చూడలేదు. గేములవాళ్లకి ఈ వీలు లేదు. తప్పులు దిద్దే ప్యాచ్ వదలొచ్చు, ఏడాది తర్వాత గేమ్ బాగుపడొచ్చు, కానీ మొదటి రోజు పడ్డ మార్కుని తిరిగి దిద్దేవాళ్లు అరుదు.

ఆ తర్వాత 2020 మార్చిలో భారత క్రికెట్ బోర్డు కామెంటరీ బృందంలోంచి మంజ్రేకర్‌ని తప్పించారు. గేమ్‌స్పాట్‌లో ప్రకటనలిచ్చేవాడి ఒత్తిడి, ఇక్కడ జీతమిచ్చేవాడే ఆటకి యజమాని. గేమ్ రివ్యూల్లో చాలాచోట్ల "ఈ కాపీ కంపెనీ పంపింది" అని ఒక వాక్యం ఉంటుంది. "నా జీతం బోర్డు ఇస్తోంది" అని ఓవర్ల మధ్యలో ఎవరైనా గుర్తుచేయగా నేనైతే వినలేదు. ఈ ఒక్క విషయంలో గేములవాళ్లకి నా మార్కు ఎక్కువ.

పేపర్ వాళ్ల దగ్గరికొస్తే తక్కెడ క్రికెట్ వైపు మొగ్గుతుంది. 1997లో మాజీ ఆటగాడు మనోజ్ ప్రభాకర్ చేసిన మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలు అచ్చువేసింది ఒక వారపత్రిక. 2000లో ఆ బాగోతం కోసం రహస్య కెమెరాతో కూపీ లాగింది ఒక వెబ్‌సైట్. మన అజహరుద్దీన్ మీద ఆ ఏడాది డిసెంబర్లో జీవితకాల నిషేధం పడ్డప్పుడు హైదరాబాద్‌లో చాలామంది పేపర్లనే తిట్టుకున్నారు. ఆ నిషేధం చెల్లదని 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. 2010లో లార్డ్స్ టెస్టులో పాకిస్తాన్ బౌలర్లు డబ్బు కోసం వేసిన నోబాల్స్ బండారం బయటపెట్టింది కూడా ఒక పత్రికే. గేముల్లోనూ ఇలా తవ్వేవాళ్లు ఉన్నారు. స్టూడియోల్లో ఉద్యోగుల్ని వారానికి ఎన్ని గంటలు పిండుతున్నారో రాసిన జేసన్ ష్రైయర్ లాంటివాళ్లు. వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అలా లోపలి సంగతులు బయటపెట్టినందుకు కొటాకు అనే సైట్‌కి రెండు పెద్ద కంపెనీలు కాపీలు పంపడమే మానేశాయని 2015లో ఆ సైట్ రాసుకుంది.

ఫ్యాన్ల కోపంలోనూ తేడా ఉంది. క్రికెట్ అభిమాని మనిషిని వెనకేసుకొస్తాడు, లేదంటే మనిషినే తిడతాడు. 2021లో దుబాయ్‌లో పాకిస్తాన్ చేతిలో పది వికెట్లతో ఓడినప్పుడు షమీని మతం పేరుతో తిట్టారు. 2024లో హార్దిక్ పాండ్యాని సొంత వాంఖడేలోనే గోల చేసి ఏడిపిస్తుంటే, టాస్ దగ్గర మైకు పట్టుకున్న మంజ్రేకరే "కాస్త పద్ధతిగా ఉండండి" అని జనాన్ని మందలించాడు. మళ్లీ అదే పెద్దమనిషి!

గేమ్ అభిమాని కాపాడుకునేది తన ఎదురుచూపుని, కట్టిన డబ్బుని. నేను కొన్నది చెత్త అని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే. ఆ కోపం కూడా అంకెల్లోనే వెళ్లగక్కుతాడు. 2020 జూన్ 19న 'ద లాస్ట్ ఆఫ్ అస్' రెండో భాగం వచ్చిన కొన్ని గంటల్లోనే మెటాక్రిటిక్‌లో సున్నాలు కుప్పపోశారు. పాతిక గంటల ఆట అది, అంత త్వరగా ఎవరు ముగించారు? ఆ తర్వాతే గేమ్ విడుదలైన 36 గంటల దాకా మామూలు జనం మార్కులు వేయకూడదని ఆ సైట్ నిబంధన పెట్టింది. కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్‌లో ఇంకా మంచి ఏర్పాటుంది. ప్రతి రివ్యూ పక్కనా రాసినవాడు ఎన్ని గంటలు ఆడాడో కనిపిస్తుంది. క్రికెట్ కామెంట్ల పక్కన "ఈయన చూసినవి నాలుగు ఓవర్లు" అని పడితే మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు సగం ఖాళీ అయ్యేది.

మన తెలుగు పేపర్లలో అయితే పోలికే లేదు. క్రికెట్‌కి రోజూ పేజీ ఉంది. వీడియో గేమ్ కనిపించేది క్రైమ్ వార్తల్లో, పబ్జీ ఆడొద్దన్నందుకు ఇంట్లోంచి పారిపోయిన కుర్రాడి వార్తగా. లేదంటే ఆన్‌లైన్ గేమ్ అంటే రమ్మీ అనే అర్థంలో. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. డబ్బులు పెట్టి ఆడే పేకాటకీ, కథ ఉన్న గేమ్‌కీ ఒకే హెడ్డింగ్ పెడితే, మా మేనల్లుడు యూట్యూబ్‌లో గేమ్ ఆడుతూ లైవ్‌లో చూపించే తెలుగు స్ట్రీమర్ మాటే వింటాడు. ఆ స్ట్రీమర్‌కి ఎవరు ఎంత ఇచ్చారో చాలాసార్లు వీడియో కింద చిన్నక్షరాల్లో కూడా ఉండదు.

నన్నడిగితే, డబ్బు పెట్టాలా వద్దా అన్నదానికి గేమ్ రివ్యూలే మేలు, కాకపోతే విడుదలైన మూడు రోజులకి వచ్చినవి, సొంత డబ్బుతో కొన్నవాళ్లు రాసినవి. ఆట ఎందుకు గెలిచామో, ఎందుకు ఓడామో తెలియాలంటే పొద్దుటి పేపర్. లైవ్ కామెంటరీ ఈ రెండింటి కంటే వెనకే, అది మనకు ఎంత అలవాటైనా సరే.

మేనల్లుడికి ఈ మధ్య ఒక అలవాటు వచ్చింది. రివ్యూ తెరవగానే మార్కు చూడకుండా ఏ మెషీన్ మీద ఆడారో వెతుకుతున్నాడు. వాడు అలా ఫోన్ మీద వంగి ఉంటే, పక్క కుర్చీలో బాబాయి పేపర్ మడిచి, కళ్లజోడు తీసి, "పద్నాలుగో ఓవర్లో లాంగాన్‌లో క్యాచ్ వదిలేశాడుగా, వీడు ఆ సంగతే రాయలేదేంట్రా" అన్నాడు.